ఇరవై వేల లీటర్ల ట్యాంకు

28 సెప్టెంబరు 1982

గొయ్యి పదకొండు అడుగులకు దిగింది. అడుగున మట్టి తడిగా ఉంది. అప్పలసూరి ఒక పిడికెడు తీసి పిండాడు. వేళ్ల సందుల్లోంచి నీరు కారింది.

"సూడు బావ. జిగురు మట్టి. దీన్లోకి వాన నీరు దిగిందంటే ఇంక పోదు. గాబులో నిలిసినట్టు నిలిసిపోద్ది."

నిజమే. కాంట్రాక్టరు రాజుగారితో చెబితే "నువ్వు సూపర్వైజరువా, వాతావరణం చెప్పే రేడియోవా?" అన్నారు. అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను.

మద్దిలపాలెం దాటాక హైవే పక్కన ఇది భీమశంకరరావుగారి కొత్త పెట్రోలు బంకు. కాంట్రాక్టు సన్యాసిరాజుగారిది. ఆయన దగ్గర నాకు పదకొండో ఏడు, వెల్డరుగా అప్పలసూరికి తొమ్మిదో ఏడు. మాదీ వాడిదీ తగరపువలస పక్కన ఒకే ఊరు. వాణ్ణి పనిలో పెట్టించింది నేనే.

గోతి అంచు నుంచి వెనక నారాయణమ్మగారి పెరటి బావి దాకా టేపు పట్టాను. నలభై రెండు అడుగులు. కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది కనక ఆ వీధిలో ముప్ఫై ఇళ్లకు ఆ బావే దిక్కు. కంపెనీ ఇచ్చిన డ్రాయింగులో బావి లేదు. పెన్సిలుతో సున్నా చుట్టి, పక్కన దూరం రాశాను.

4 అక్టోబరు

షెడ్డులో మొదటి పరీక్ష అయింది. ట్యాంకు ఏడడుగుల ఎత్తు, ఇరవై అడుగుల పొడవు, ఇరవై వేల లీటర్లు పడుతుంది. అన్ని మూతలూ బిగించి లోపలికి ఐదు పౌండ్ల గాలి పెట్టాం. బానెడు కుంకుడు నురగ చేసి, గుడ్డ ముంచి ప్రతి అతుకూ తడిపాం. గాలి కారితే నురగ మీద బుడగ లేస్తుంది. గంటన్నర చూశాం. ఒక్క బుడగ లేవలేదు.

"దీనికి తలంటు పోసీసినట్టున్నాది బావ. మా ఆవిడ కాశమ్మకి కూడా ఇన్ని కుంకుళ్లు కొన్నేదు నాను" అన్నాడు అప్పలసూరి. మొహం వెలిగిపోతోంది. వెలగాలి. ఈ ఊళ్లో వాడిలా వెల్డింగు పట్టేవాణ్ణి నేను చూడలేదు.

కంపెనీ కాగితంలో పరీక్షకు రెండు గడులున్నాయి. గోతిలో దించక ముందు ఒకటి. గొట్టాలన్నీ బిగించాక, ఇసకతో కప్పక ముందు ఇంకొకటి. మొదటి గడిలో తేదీ వేసి సంతకం పెట్టాను.

9 అక్టోబరు

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఉదయం తొమ్మిదింటికి క్రేను ట్యాంకును గోతిలో, కాంక్రీటు దిమ్మ మీద దించింది. దిమ్మలో బోల్టులున్నాయి. ట్యాంకు మీంచి వేసి ఆ బోల్టులకు బిగించాల్సిన ఇనప పట్టీలు ఇంకా రాలేదు. "రేపొస్తాయి" అన్నారు రాజుగారు. నాలుగు రోజులుగా అదే మాట.

పట్టీలు లేనప్పుడు ట్యాంకును నీళ్లతో నింపి ఉంచాలి. ఇది కొత్త సంగతి కాదు, ఎప్పుడూ చేసేదే. నీళ్ల లారీ పిలిపించాను. గొట్టం మూత దగ్గర పెట్టేసరికి భీమశంకరరావుగారు స్కూటరు దిగారు.

"ఏటండీ ఇది? పెట్రోలు ట్యాంకులో నీళ్లేటి?"

"బరువుకండీ. గోతిలో నీరు చేరితే ఖాళీ ట్యాంకు తేలిపోతుంది. ఇసక కప్పాక తోడేసి ఆరబెడతాం."

ఆయన నా మాట వినడం లేదు. రోడ్డు అవతల బస్సు కోసం నిలబడ్డవాళ్లను చూస్తున్నారు. ఇరవై మంది దాకా ఉన్నారు, అందరూ ఇటే చూస్తున్నారు.

"పోసినట్టు ఆళ్లు సూత్తారు. తోడీసినట్టు ఎవులు సూత్తారండీ? రేపు ఎవడి బండి మొరాయించినా, శంకర్రావు బంకులో నీళ్లు కలుపుతారు, మేం కళ్లారా చూసేం అంటారు. దసరాకి మొదలెట్టే యాపారం ఇది. పుట్టక ముందే పేరు పాడు సేత్తారేటి?"

బస్టాపు నుంచి ఎవరో ఆడమనిషి కేక వేసింది. "బాబూ, ఈయేళ మాకు కుళాయి రానేదు! పెట్రోలుకి పోసీగా మిగిల్తే రెండు బిందెలు మాకొంపండి!"

అందరూ నవ్వారు. ఆయన మొహం ఎర్రబడింది. గొట్టం తనే లాగి పారేశారు. లారీ వాణ్ణి పొమ్మన్నారు.

రాజుగారికి ఫోను చేశాను. "ఆయన బంకు, ఆయన ట్యాంకు. నీకేటి నొప్పి? రెండ్రోజుల్లో ఇసక కప్పీద్దాం" అన్నారు.

లెక్క వేశాను. ట్యాంకు బరువు రెండున్నర టన్నులు. గోతిలో అడుగున్నర నీరు చాలు, లేచిపోతుంది. మళ్లీ ఫోను చేసి ఆ మాట చెప్పాను. "వాన ఎక్కడుందయ్యా?" అన్నారు.

10 అక్టోబరు

గొట్టాలు బిగించాం. నింపుడు గొట్టం ఒక చివర రోడ్డు వైపు కాంక్రీటులో కదలకుండా ఉంది, రెండో చివర ట్యాంకు నెత్తిన ఎల్బోకి, అంటే మర బిగించే వంపు ముక్కకి. పట్టీలు రాలేదు.

11 అక్టోబరు

వాన. సాయంత్రం నాలుగుకు మొదలై ఇంకా కురుస్తోంది.

12 అక్టోబరు

తేలింది.

పొద్దున్న వెళ్లేసరికి గోతిలో నాలుగడుగుల ఎర్ర నీరు. ట్యాంకు దిమ్మ మీంచి లేచి, ఒక వైపు ఒరిగి, నెత్తి గోతి అంచుకు ఆనుకుని ఉంది. నింపుడు గొట్టం విల్లులా వంగింది. రోడ్డు మీద తిరణాలలా జనం. "ఓడ తేలినాదిరోయ్, హార్బరుకి తోలుకుపోండి!" అని ఒకడు.

భీమశంకరరావుగారు నా మీద అరిచారు. నా మీద. "ముందే సెప్పాలి గదయ్యా నువ్వు!" అన్నారు.

ఇప్పుడు రాస్తే కోపమే రాస్తాను. రేపు రాస్తాను.

13 అక్టోబరు

రెండు పంపులు పెట్టి నీరు తోడాం. ట్యాంకు మెల్లగా దిగి దిమ్మ మీద కూర్చుంది. గొట్టం తిన్నగా అయింది. పట్టీలు ఇవాళ వచ్చాయి. ఇవాళ!

బిగిస్తూ అప్పలసూరి ఎల్బో దగ్గర ఆగాడు.

"బావ, ఇది ఇప్పీసి కొత్తది ఎయ్యాల. గొట్టం అంతలా ఒంగినాది గదా, లోపల మర సుట్లు నలిగిపోయుంటాయి. పైకి కనబడదు. ఇప్పి బిగించి, గాలి పెట్టి సూసి, అప్పుడు ఇసక."

"అలాగే" అన్నాను.

15 అక్టోబరు

కాశమ్మ తండ్రికి జబ్బుగా ఉందని కబురొచ్చి అప్పలసూరి ఊరెళ్లాడు. బస్సెక్కుతూ మళ్లీ చెప్పాడు. "ఎల్బో. మర్సిపోకు. ముందు ఇసక పోయించీకు బావ."

చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెబుతాడు. నేను వాడి కంటే పదేళ్లు పెద్ద.

16 అక్టోబరు

పొద్దున్న ఏడుకే ఇసక లారీలు దింపారు రాజుగారు. నేను ఎనిమిదికి వెళ్లాను. అప్పటికి సగం గొయ్యి కప్పేశారు.

"ఎల్బో మార్చాలండీ. రెండో పరీక్ష కాలేదు" అన్నాను.

"దసరా ఎన్నాళ్లుంది? పదకొండు రోజులు. పైన సిమెంటు ఎయ్యాల, పంపులు నిలబెట్టాల. ట్యాంకు కూకుంది, గొట్టం తిన్నగా ఉంది. ఇంకేటి పరీక్ష? గర్భిణీ ఏటి, నెలనెలా సూడ్డానికి?"

కూలీలు నవ్వారు. నేను ఎల్బో వైపు చూశాను. ఇంకా కనిపిస్తోంది. అరగంటలో కనిపించలేదు.

18 అక్టోబరు

మూత చుట్టూ తొట్టి కట్టారు. డ్రాయింగు ప్రకారం అది అడుగుతో సహా కాంక్రీటుది కావాలి. గొట్టాల అతుకులన్నీ ఆ తొట్టిలోనే ఉంటాయి. ఏది కారినా భూమిలోకి పోకుండా అందులో నిలుస్తుంది, మూత ఎత్తగానే కనబడుతుంది. అందుకే అది.

రాజుగారు ఇటుకలతో నాలుగు గోడలు లేపించారు. అడుగు లేదు. అడుగున ఇసక. పైన ఇనప మూత పెడితే బయటికి అంతా ఒకలాగే ఉంది.

20 అక్టోబరు

కంపెనీ ఇంజనీరు వచ్చాడు. పదకొండు నిమిషాలు ఉన్నాడు. పరీక్ష కాగితం అడిగాడు. రెండో గడి ఖాళీగా ఉంది. రాజుగారు జేబులోంచి పెన్ను తీసి నాకిచ్చారు.

సంతకం పెట్టాను. మొదటి పరీక్షలో బాగున్న ట్యాంకే ఇది. కాబట్టి పూర్తి అబద్ధం కాదు.

21 అక్టోబరు

అప్పలసూరి వచ్చాడు. "ఎల్బో మార్సేవా? గాలి పెట్టేవా?" అని అడిగాడు. అయిందన్నాను.

"బుడగ?"

"ఏమీ లేదు."

"అమ్మయ్య" అన్నాడు.

పని అయిపోయిన మాట నిజం. అదే చెప్పాను.

27 అక్టోబరు

బంకు ప్రారంభం. మామిడి తోరణాలు, మైకు. మొదటి లీటరు భీమశంకరరావుగారి బావమరిది స్కూటరులో పోశారు. రాజుగారికి శాలువా కప్పారు. నాకు లడ్డూ ఇచ్చారు. తినలేదు.

30 నవంబరు

ట్యాంకరు పోసి వెళ్లిన ప్రతిసారీ కొలబద్దలో కొంచెం తక్కువ చూపిస్తోందని భీమశంకరరావుగారు ట్యాంకరు డ్రైవర్ల మీద అరుస్తున్నారట.

19 ఫిబ్రవరి 1983

నారాయణమ్మగారు మనిషిని పంపారు. వెళ్లాను. బావి గట్టు మీద చెంబుతో నీళ్లు పెట్టుకుని కూర్చున్నారు.

"వాసన సూడు బాబూ. పదిరోజులై ఇలాగే. అన్నం వొండితే అన్నానికి కూడా అదే. బంకు కట్టినోడివి నువ్వే గదా, అడుగుదామని పిలిసేను."

చూశాను. కిరసనాయిలు కాదు. డీజిలు కాదు.

"రోడ్డు మీద లారీల పొగండీ. ఆ వాసనే" అన్నాను.

"లారీలు నిన్నొచ్చేయేటి? నాను ఈ ఇంటికొచ్చి ముప్ఫై ఏళ్లయినాది."

"అడుగున పూడిక కుళ్లి ఉంటుంది. ఎండాకాలంలో ఒకసారి తీయించండి. పోతుంది."

ఆవిడ నమ్మినట్టే ఉన్నారు. వంటకు వేరే చోట నుంచి నీళ్లు తెచ్చుకుంటామన్నారు.

రాజుగారికి చెప్పాలి.

22 ఫిబ్రవరి

రాజుగారికి ఫోను చేశాను. ఎంగేజ్.

3 మార్చి

ఉక్కు ఫ్యాక్టరీ దగ్గర రాజుగారికి కొత్త పని దొరికింది. రోజూ అక్కడికే. మళ్లీ ఫోను చెయ్యలేదు.

11 మే

నారాయణమ్మగారి బావి అంటుకుంది.

పూడిక తీయడానికి తాతబాబు వచ్చాడు. ఫిషింగ్ హార్బరు దగ్గర ఉంటాడు. వేట లేని రోజుల్లో బావుల్లో దిగుతాడు. ఆ పని చేసేవాళ్లు దిగే ముందు తాడుకి లాంతరు కట్టి లోపలికి వదులుతారు. దీపం ఆరితే లోపల చెడుగాలి ఉన్నట్టు, దిగరు. ప్రాణం కాపాడుకోవడానికి చేసే పని అది.

లాంతరు నాలుగో వర దాటగానే మంట పైకి లేచింది. గట్టు మీద వంగి చూస్తున్నాడు తాతబాబు. రెండు చేతులూ మోచేతుల దాకా, మొహం ఒక వైపు కాలిపోయాయి. పెద్దాసుపత్రిలో ఉన్నాడు. బతుకుతాడట.

ఎవరికీ చెప్పకుండా పూడిక తీయించుకున్నారెందుకని ఆ ముసలావిడ మీద కోపం వచ్చింది. ఈ వాక్యం కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యను. రాత్రి ఎనిమిది దాకా నాకు నిజంగానే ఆవిడ మీద కోపంగా ఉంది.

పూడిక తీయించమన్నది నేను.

12 మే

కంపెనీ వాళ్లు బంకుకు తాళం వేశారు. రాజుగారు పిలిచారు. ఆఫీసులో తలుపు వేసి కూర్చోబెట్టారు.

"కాయితం మీద రెండు పరీక్షలూ ఉన్నాయి, నీ సంతకంతో. అంటే పెట్టినప్పుడు బాగుంది. తర్వాత ఎల్డింగు ఇడిపోయింది. అంతే గదా?"

"ఎల్బో అండీ. ఆ రోజు మార్చలేదు..."

"ఏ రోజు? కాయితంలో అలాంటి రోజు లేదు." కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "శ్రీరామ్మూర్తీ, ఉక్కు ఫ్యాక్టరీ పనికి నిన్ను ఇన్‌ఛార్జిని సేద్దామనుకుంటన్నాను. తప్పుడు సంతకం పెట్టినోణ్ణి ఎలా సెయ్యను సెప్పు?"

పెన్ను ఎవరిచ్చారని అడగలేదు. ఇక్కడ అడుగుతున్నాను. పెన్ను ఎవరిచ్చారు? లారీ ఎవరు పొమ్మన్నారు? పట్టీలు ఎవరు ఆలస్యం చేశారు? అడుగు లేని తొట్టి ఎవరు కట్టించారు? పదకొండు నిమిషాలు చూసి వెళ్లింది ఎవరు?

13 మే

పోలీసులు అప్పలసూరిని తీసుకెళ్లారు. షెడ్డులో పని మీద ఉన్నాడు. నల్లద్దం చేతిలో ఉండగానే జీపు ఎక్కమన్నారు. వాడు భయపడలేదు. నన్ను చూసి ధైర్యంగా ఉన్నాడు.

"ఈళ్లకి సెప్పు బావ. నువ్వు రెండోసారి గాలి పెట్టేవు గదా, ఏటీ రానేదు గదా. సెప్పు."

"స్టేషనుకి వస్తాను, పద" అన్నాను.

14 మే

వెళ్లలేదు. షెడ్డులో సరుకు దిగింది.

15 మే

వెళ్లలేదు.

17 మే

వకీలును పెట్టాలి. రాజుగారే పెడతారేమో.

20 మే

ఆసుపత్రికి వెళ్లాను. తాతబాబు చేతులు రెండూ కట్లలో, దిండ్ల మీద. భార్య గంగాలమ్మ అన్నం తినిపిస్తోంది. ఎవరని అడిగింది. బంకు పనివాళ్లలో ఒకణ్ణన్నాను.

"దీపం ఆరిపోద్దేమోననీసి సూత్తన్నాను బాబూ" అన్నాడు వాడు. "ఆరితే దిగను గదా. పాతిక బావుల్లో దిగేను, ఎప్పుడూ అలాగే. ఇది ఆరనేదు."

"ఆ ఎల్డింగోణ్ణి పట్టుకున్నారంట గదా?" అంది గంగాలమ్మ. "ఆడి సేతులు కూడా ఇలాగే కాలిపోవాల. వొల సుట్టీ సేతులివి. ఇప్పుడు ముద్ద కూడా నానే పెట్టాల."

బత్తాయిలు అక్కడ పెట్టి వచ్చేశాను. అప్పలసూరి కాదు అని ఒక్క ముక్క అనలేదు. నోటి దాకా వచ్చిందని రాయబోయాను. రాలేదు.

24 మే

ఈ డైరీ మొదటి నుంచి చదివాను. పేజీ పేజీకీ రాజుగారి మీద కోపం ఉంది. భీమశంకరరావుగారి మీద ఉంది. ఇంజనీరు ఎన్ని నిమిషాలున్నాడో కూడా రాశాను.

అక్టోబరు 20న రెండో గడిలో ఏ తేదీ వేశానో మాత్రం రాయలేదు. పదమూడు వేశాను. పట్టీలు బిగించిన రోజు. అప్పలసూరి పక్కనే ఉన్న రోజు. ఎవరైనా అడిగితే వాడు కూడా ఉన్నాడని చెప్పొచ్చని. ఆ పెన్ను చేతిలో ఉన్న అర నిమిషంలో ఇంత ఆలోచన చేశాను.

ఆ తేదీ రాజుగారు చెప్పలేదు.

29 మే

కాశమ్మ ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది.

"అన్నయ్యా, ఈయన ఒప్పీసుకున్నాడంట. అతుకు దగ్గర తనే తప్పు సేసేనని సెప్పి సంతకం ఎట్టీసినాడంట."

"కొట్టారా?"

"నేదు. అదే నాకూ అరదం కానేదు. నిన్న ఎల్లి అడిగేను. ఏటన్నాడో తెల్సా? బావ గాలి పెట్టి సూసినాడు, ఎల్బో బాగున్నాదని సెప్పేడు. బావ అబద్ధం ఆడడు. మరి గొట్టం కాకపోతే తప్పు నా సేతిదే గదా, అన్నాడు." కాశమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వు సూసినావు గదా అన్నయ్యా? నిజంగానే ఈయన తప్పేనేటి? నాకు సెప్పు. నాను తట్టుకుంటాను."

చెప్పాను. మొత్తం చెప్పాను. లారీ, వాన, ఎల్బో, ఇసక, సంతకం, తేదీ, ఊరి నుంచి వచ్చిన రోజు వాడితో అన్న మాట. నారాయణమ్మగారితో అన్న మాట.

ఆవిడ తిట్టలేదు. "రేపు పొద్దున్న టేసనుకి ఎల్తావేటి?" అంది.

"వెళ్తాను."

"నానొచ్చి తీసుకెల్తాను. నీయంతట నువ్వు ఎల్లవు."

30 మే

ఏడింటికే వచ్చింది. స్టేషనులో నాలుగు పేజీలు రాసిచ్చాను. ఎక్కడ తవ్వాలో, ఏం కనిపిస్తుందో బొమ్మ గీసిచ్చాను. ఒక నకలు కంపెనీకి ఇచ్చాను.

ఎస్సై చదివి, "పదిహేడు రోజులయ్యా వాడు లోపల ఉండి. నువ్వెక్కడున్నావు?" అన్నాడు.

షెడ్డులో ఉన్నానని చెప్పాను.

3 జూన్

తవ్వారు. నేనూ, కంపెనీ నుంచి వచ్చిన ఇంకో ఇంజనీరూ, పోలీసులూ. కాశమ్మ దూరంగా గొడుగు వేసుకుని నిలబడింది.

ఇటుక తొట్టి అడుగున ఇసక పెట్రోలుతో తడిసి ముద్దగా ఉంది. ఎల్బో చేత్తో తిప్పితే తిరిగింది. లోపలి చుట్ల మీద చీలిక, గోరు పట్టేంత. ట్యాంకరు వచ్చి నింపిన ప్రతిసారీ అక్కడ కొంత కారింది. మిగతా అప్పుడు కారదు. అందుకే కొలబద్దలో అంత కొంచెం తేడా.

ట్యాంకులో పెట్రోలు తోడించి, కడిగించి, గోతిలో ఇసకంతా ఎత్తించి, అతుకులకు మళ్లీ గాలి పరీక్ష చేయించాడు ఇంజనీరు. తనే దగ్గరుండి రెండు గంటలు చూశాడు. వెల్డింగు ఎక్కడా పోలేదని కాగితం మీద రాశాడు.

వెనక బావికి పలకల మూత వేసి ముళ్లకంప పెట్టారు. నారాయణమ్మగారు నన్ను చూశారు. లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు.

4 జూన్

నా మీద కేసు రాశారు. రేపు మళ్లీ రమ్మన్నారు. రాజుగారు హైదరాబాదులో ఉన్నారట. వకీలు ద్వారా బెయిలు తెచ్చుకున్నారట. ఉద్యోగంలోంచి తీసేసినట్టు గుమాస్తా వచ్చి చెప్పి వెళ్లాడు. షెడ్డులో నా టేపు, గొడుగు ఉన్నాయి. ఇవ్వలేదు.

6 జూన్

అప్పలసూరిని వదిలారు. కోర్టు బయట కాశమ్మా నేనూ ఉన్నాం. గడ్డం పెరిగింది, సన్నబడ్డాడు. కాశమ్మ ఉతికిన చొక్కా తెచ్చింది. అక్కడే చెట్టు కింద మార్చుకున్నాడు.

నేను దగ్గరకు వెళ్లాను. ఏం చెప్పాలో వారం రోజులుగా అనుకుంటున్నాను. వాడే మొదలుపెట్టాడు.

"లోపల కూకుని అతుకు అతుకూ తలుసుకున్నాను బావ. తొమ్మిదేళ్లలో ఇంతలాగ ఎప్పుడూ తలుసుకోనేదు. మూడో అతుకు కాడ కరెంటు పోయినాది. అరగంట పోయేక మళ్లీ ఎత్తుకున్నాను. అదే అయ్యుంటాదనిపించినాది. రేత్రీ పగలూ అదే. తాతబాబు సేతులు అదే కాల్సినాదనీసి. ఆళ్లు అడక్కుండా నానే సెప్పీసినాను."

"మూడో అతుకు బాగుంది సూరీ. మొన్న చూశాం. అన్నీ బాగున్నాయి. ఎల్బోయే. నువ్వు చెప్పిందే."

"నువ్వు సెప్తే నమ్మను."

కోపంగా అనలేదు. ఆ బస్సు మనది కాదు అన్నట్టు అన్నాడు.

"ఇంజనీరు కాగితం..."

"నాను సూడాల."

ముగ్గురం బస్సులో మద్దిలపాలెం వచ్చాం. వాడూ కాశమ్మా ముందు కూర్చున్నారు, నేను వెనక. బంకు దగ్గర కంపెనీ కాపలా మనిషి మొదట వద్దన్నాడు. నేను బతిమాలుతుంటే అప్పలసూరి ఆగలేదు. చెప్పులు విడిచి, నిచ్చెన దిగి గోతిలోకి వెళ్లాడు.

మూడో అతుకు వెతుక్కోలేదు. తిన్నగా దాని దగ్గరకే వెళ్లాడు. కుడిచేతి బొటనవేలు దాని మీద ఆనించి, ట్యాంకు చుట్టూ ఎంతవరకు అందితే అంతవరకు జరిపాడు. ఒక చోట ఆగాడు. ఉమ్మి తడి చేసి, చొక్కా అంచుతో తుడిచి, మొహం దగ్గరగా పెట్టి చూశాడు. కరెంటు పోయిన చోటు అదేననుకుంటాను. ఉతికిన చొక్కాకు నలుపు అంటుకుంది. మళ్లీ మొదటి నుంచి వేలు జరిపాడు. తర్వాత ఎడమ చేత్తో.

ఎండ మండుతోంది. కాశమ్మ పైనుంచి, "ఎలాగున్నాది?" అని అడిగింది.

చాలాసేపటికి తలెత్తాడు. "బాగున్నాదే" అన్నాడు ఆవిడతో. వేలు చొక్కాకు తుడుచుకున్నాడు. "బాగానే పట్టేను."

నేను నిచ్చెన కదలకుండా పట్టుకుని నిలబడ్డాను. వాడు అటు రాలేదు. అవతలి వైపు ఇసక గుట్ట మీద జారుతూ, చేతులతో పట్టుకుంటూ పైకి ఎక్కాడు. కాశమ్మ వాడి చెప్పులు పట్టుకుని అటు వెళ్లింది. ఇద్దరూ రోడ్డు దాటి బస్టాపులో నిలబడ్డారు. తగరపువలస బస్సు వచ్చేదాకా నేను నిచ్చెన దగ్గరే ఉన్నాను.